మోసేవాడికే తెలుసు కావడి బరువు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం. సంచిక కోసం అక్కడక్కడా సరిచేసి రాసి ఇచ్చాను.)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ ఉద్యోగం గురించి ఒక అరగంట మాట్లాడండి, కానీ అందరికీ అర్థం కావాలి" అన్నారు. నేను ముప్ఫై అయిదేళ్ళు థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేశాను. అందులో సగం కాలం కంట్రోల్ రూములో, మిగతా సగం కంట్రోల్ రూములో కూర్చునేవాళ్ళకు శిక్షణ ఇవ్వడంలో గడిచింది. బొగ్గు గురించీ, బాయిలరు గురించీ చెబితే మీకు నిద్ర వస్తుంది. భోజనాల ముందు సభ కాబట్టి అది క్షేమం కాదు. అందుకని యంత్రాన్ని వదిలిపెట్టి, యంత్రం ముందు కూర్చునే మనిషి గురించి చెబుతాను. ఆ మనిషి పనిని ఎలా కొలుస్తారు, ఆ పని అతని మీద వేసే బరువును ఎలా తూస్తారు అన్నది నా విషయం.

ఇది నేను పెద్ద చదువుల్లో నేర్చుకున్న శాస్త్రం అనుకునేవాణ్ణి. చివరికి చూస్తే మొదటి పాఠం ఈ బడిలోనే, పడమటి వైపు రేకుల గదిలోనే అయిపోయింది.

మా లెక్కల మాస్టారు పేరు చెప్పక్కర్లేదు. ఆయన విసిరిన సుద్దముక్క తగలని తల మా బ్యాచిలో లేదు. ఆయనకొక అలవాటు ఉండేది. ఇంటి లెక్కల పుస్తకంలో ప్రతి లెక్క పక్కనా మార్జిన్‌లో ఒక గీతో, రెండు గీతలో, మూడు గీతలో పెట్టమనేవారు. సులువుగా వస్తే ఒకటి, కాస్త కష్టపడితే రెండు, ప్రాణం మీదికొస్తే మూడు. జవాబు తప్పైనా తిట్టేవారు కాదు గానీ, గీతలు పెట్టకపోతే పుస్తకం వెనక్కి విసిరేసేవారు. నాకూ నా పక్కవాడికీ ఒకసారి పదికి పది వచ్చాయి. వాడివన్నీ ఒంటి గీతలు. నావి మూడేసి. మాస్టారు వాడికి కొత్త లెక్కలు ఇచ్చి, నన్ను మళ్ళీ పాత పాఠం చదవమన్నారు. నాకు ఏడుపొచ్చింది. "మార్కులు సమానమే కదండీ" అన్నాను. "మార్కులు సమానమేరా, ఖర్చు సమానం కాదు. పరీక్షలో ఇంకొక్క లెక్క ఎక్కువిస్తే వాడు చేస్తాడు, నువ్వు చేయలేవు" అన్నారు.

ఈ మాటను ఇరవై ఏళ్ళ తర్వాత నేను శాస్త్రంగా చదువుకున్నాను. మనిషి చేసిన పని ఫలితం ఒకటి, ఆ ఫలితం కోసం అతను పెట్టిన ఖర్చు ఇంకొకటి. ఫలితం మాత్రమే చూస్తే, అంచు మీద నిలబడ్డవాడికీ, హాయిగా కుర్చీలో కూర్చున్నవాడికీ తేడా తెలియదు. అంచు మీద ఉన్నవాడు పడిపోయిన రోజునే తెలుస్తుంది. ఆ రోజున అందరూ వాడి కాలునే తప్పు పడతారు.

ఇప్పుడు అలా పడిపోయిన ఒక మనిషి సంగతి చెప్పాలి. అతను ఈ బడివాడే. నాకంటే రెండేళ్ళు చిన్న. అతని అనుమతి తీసుకునే చెబుతున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు.

అతను నేను పనిచేసిన కేంద్రంలోనే కంట్రోల్ రూము ఆపరేటరు. 210 మెగావాట్ల యూనిట్. ఒక చలికాలపు రాత్రి, మూడు దాటింది. బాయిలర్ నుంచి పొగను లాగి చిమ్నీలోకి పంపే పెద్ద ఫ్యాన్లు రెండుంటాయి. అందులో ఒకటి ఆగిపోయింది. అలా జరిగితే క్షణాల్లో లోడు తగ్గించాలి, బొగ్గు మిల్లులు ఆపాలి, మంట ఆరిపోకుండా ఆయిల్ గన్నులు పెట్టాలి, డ్రమ్ములో నీటిమట్టం పడిపోకుండా, పొంగిపోకుండా పట్టుకోవాలి. ఆ రాత్రి డెస్కు మీద ఇద్దరుండాల్సిన చోట ఒక్కడే ఉన్నాడు. రెండోవాడు సెలవు. ఇతను చేయాల్సినవన్నీ చేశాడు. యూనిట్ నిలబడింది.

కానీ అదే పావుగంటలో బాయిలరుకు నీళ్ళు తోడే ఒక పంపు బేరింగ్ వేడెక్కుతోందని అలారం వచ్చింది. పాతకాలపు కంట్రోల్ ప్యానెల్ మీద చిన్న చిన్న గాజు కిటికీలు వరుసగా ఉంటాయి. ఏదైనా తేడా వస్తే ఆ కిటికీ మిణుకుమంటుంది, హారన్ మోగుతుంది. బటన్ నొక్కితే హారన్ ఆగుతుంది, మిణుకు ఆగి దీపం నిలకడగా వెలుగుతుంది. ఆ రాత్రి కిటికీలు దీపావళిలా వెలిగాయి. వాటి మధ్య ఈ పంపు దీపం ఒకటి. అతను హారన్ ఆపాడు, దీపం చూడలేదు. ఆ పంపుకు బేరింగ్ వేడెక్కితే తనంతట తాను ఆగే ఏర్పాటు అప్పటికి లేదు. బేరింగ్ కాలిపోయింది, పంపు పట్టేసింది. అదనంగా ఉండే పంపు అప్పటికే మరమ్మతులో ఉంది. చాలా రోజులు యూనిట్ సగం లోడుతో నడవాల్సి వచ్చింది.

విచారణకు ముగ్గురితో ఒక కమిటీ వేశారు. అందులో నేనొకణ్ణి. అలారం వచ్చిన సమయం మా దగ్గరుంది. హారన్ ఆపిన సమయం ఉంది. మధ్యలో చర్య ఏమీ లేదు. నివేదికలో ఒక వాక్యం రాశాం: "ఆపరేటరు అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం." ఆ వాక్యం డ్రాఫ్టు చేసింది నేనే. మన బడివాడని మొహమాటపడ్డాననుకుంటారేమోనని ఇంకాస్త గట్టిగానే రాశాను. అతనికి ఇంక్రిమెంట్లు కోతపడ్డాయి. డెస్కు నుంచి తీసేసి బొగ్గు యార్డు వైపు వేశారు. ఆ పావుగంటలో లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచీ, పై అధికారుల ఇళ్ళ నుంచీ అతనికి ఎన్ని ఫోన్లు వచ్చాయో రాసిన పుస్తకం మా బల్ల మీదే ఉంది. మేం దాన్ని తిప్పి చూశాం. నివేదికలో మాత్రం రాయలేదు.

ఇది ఇక్కడ ఆపి, కాస్త వెనక్కి వెళ్తాను.

యంత్రం ముందు మనిషి చేసిన తప్పును "మనిషి తప్పు" అని మూసేయడం రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే ప్రశ్నకు గురైంది. అమెరికా బాంబర్ విమానాలు బి-17 క్షేమంగా నేల మీద దిగాక, పైలట్లు రెక్కల ఫ్లాపులు ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్ చూశాడు. రెండింటి మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారం, ఫ్లాపుల మీటకు ఫ్లాపు ఆకారం తొడిగితే చేయే తేడా కనిపెడుతుందని చెప్పాడు. ఇప్పటికీ విమానాల్లో ఆ మీటల పిడులు అలాగే ఉంటాయి. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు "పైలట్ తప్పు" అని పేరుపడ్డ 460 అనుభవాలను పోగుచేసి విడమరిచి చూశారు. మీట కోసం చూసుకోకుండా చెయ్యి పెడితే ఇంకో మీట దొరకడం, ఒక విమానంలో ఒకచోట ఉన్న మీట మరో విమానంలో ఇంకోచోట ఉండడం లాంటివే పదేపదే కనిపించాయి. మనిషిని తిట్టి లాభం లేదని, అతని ముందున్న ఏర్పాటును మార్చాలని అప్పటికి తేలింది.

అదే రోజుల్లో ఇంగ్లండులో నార్మన్ మాక్‌వర్త్ దీనికి తలకిందులైన ప్రశ్న వేసుకున్నాడు. రాడార్ తెర ముందు గంటల తరబడి కూర్చునేవాళ్ళు ఎందుకు గురుతులు తప్పిపోతున్నారు? ఆయన ఒక ఉత్త గడియారం చేశాడు. అంకెలు లేవు, ఒక్క ముల్లు. సెకనుకొక అడుగు కదులుతుంది. అప్పుడప్పుడు రెండడుగులు ఒకేసారి దూకుతుంది. ఆ దూకుడు కనబడ్డప్పుడు మీట నొక్కాలి. అంతే పని, రెండు గంటలసేపు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. మొదటి అరగంట గడిచేసరికే పట్టుకోవడం తగ్గిపోయింది. వాళ్ళు సోమరులు కారు, ఎంపిక చేసిన కుర్రాళ్ళు. పని ఎక్కువైనా మనిషి తప్పుతాడు, పని మరీ తక్కువైనా తప్పుతాడు. మన రైలు ఇంజన్లలో పనిచేసిన అన్నలు ఈ సభలో ఉన్నారు. ఇంజనులో ఒక పరికరం ఉంటుంది. కాసేపు డ్రైవరు ఏ మీటా కదపకపోతే దీపం వెలిగి, బజరు మోగి, అప్పటికీ స్పందన లేకపోతే బ్రేకులు వేసేస్తుంది. అది అనుమానం కాదు, మనిషి స్వభావాన్ని ఒప్పుకోవడం.

ఇక 1979 మార్చి 28. అమెరికాలోని పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం. ఒక వాల్వు తెరుచుకుని మళ్ళీ మూసుకోలేదు. ప్యానెల్ మీద దీపం మాత్రం మూసుకోమని ఆజ్ఞ వెళ్ళిందని చెబుతోంది, నిజంగా మూసుకుందో లేదో చెప్పదు. మొదటి కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. ఏది ముఖ్యమో, ఏది దాని నీడో చెప్పే దారి ఆపరేటర్లకు లేదు. ప్రపంచంలోని కంట్రోల్ రూములన్నీ తమ ప్యానెళ్ళను మళ్ళీ ఒకసారి చూసుకునేలా చేసిన రాత్రి అది. మా దాకా ఆ పాఠం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

సరే, బరువును ఎలా తూస్తారు? స్థూలంగా మూడు దారులున్నాయి.

మొదటిది, పనినే చూడడం. ఎంతసేపట్లో స్పందించాడు, ఎన్ని తప్పులు చేశాడు, నీటిమట్టాన్ని ఎంత తేడాతో నిలబెట్టాడు. ఇది తేలిక. కానీ మా మాస్టారు చెప్పిన చిక్కు ఇక్కడే ఉంది. మనిషి ఎక్కువ ఖర్చు పెట్టి ఫలితాన్ని నిలబెడతాడు, లోపల ఎంత మిగిలిందో కనబడదు. అందుకని అసలు పనితో పాటు ఇంకో చిన్న పని ఇస్తారు. దీపం వెలిగినప్పుడల్లా మీట నొక్కడం లాంటిది. అసలు పని బరువెక్కే కొద్దీ కొసరు పని కుంటుపడుతుంది. ఆ కుంటును బట్టి లోపల ఎంత చోటు మిగిలిందో అంచనా కడతారు. ఇది తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పాలా? అష్టావధానంలో ఒకాయన అప్పుడప్పుడు గంట కొడుతుంటాడు, చివర్లో ఎన్ని కొట్టాడో అవధాని చెప్పాలి. అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి పక్కదారి పట్టిస్తుంటాడు. సమస్యా పూరణం నడుస్తుండగా గంటల లెక్క తప్పలేదంటే, ఆయన బుర్రలో ఇంకా చోటుందని సభకు తెలుస్తుంది. అది చూడడానికే మనం చప్పట్లు కొడతాం. తేడా ఏమిటంటే అవధాని ఏళ్ళ తరబడి సాధన చేసి, ఒప్పుకుని వేదికెక్కుతాడు. ఆ రాత్రి మన తమ్ముడికి ఎనిమిది మంది కాదు, ఎందరో పృచ్ఛకులు, ఒక్కరూ వంతుల ప్రకారం అడగలేదు.

రెండోది, ఒంటిని చూడడం. మనసు మీద బరువు పెరిగితే గుండె కొట్టుకునే లయలో సహజంగా ఉండే చిన్న చిన్న హెచ్చుతగ్గులు తగ్గుతాయి. కనుపాప పెద్దదవుతుంది. 1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ ఇద్దరూ ఇది చూపించారు. అంకెలు ఒక్కొక్కటే చెప్పి గుర్తుంచుకోమంటే, అంకె పెరిగే కొద్దీ కనుపాప విప్పారుతుంది. తిరిగి అప్పజెప్పే కొద్దీ చిన్నదవుతుంది. ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడి కళ్ళలోకి చూసిన ఏ టీచరుకైనా ఇది తెలుసు, కొలిచి ఉండరంతే. ఇందులో ఇబ్బంది ఏమిటంటే వెలుతురు మారినా కనుపాప మారుతుంది, మెట్లెక్కి వచ్చినా గుండె మారుతుంది. ఒంటి సాక్ష్యం అబద్ధం చెప్పదు గానీ, దేని గురించి చెబుతోందో చెప్పదు.

మూడోది అన్నిటికంటే చవక, అన్నిటికంటే అరుదు. మనిషిని అడగడం.

అడగడానికీ పద్ధతులున్నాయి. అందులో బాగా వాడుకలో ఉన్నది నాసా టీఎల్ఎక్స్. అమెరికా అంతరిక్ష సంస్థ పరిశోధన కేంద్రంలో శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్ తయారుచేసి 1988లో ప్రచురించారు. పని అయ్యాక ఆరు ప్రశ్నలు. బుర్రకు ఎంత పని? ఒంటికి ఎంత పని? కాలం ఎంత తరిమింది? నువ్వనుకున్నట్టు పని ఎంత బాగా చేశావు? అందుకు ఎంత కష్టపడ్డావు? ఎంత చిరాకు, ఎంత దిగులు కలిగాయి? ఒక్కోదానికి సున్నా నుంచి వంద దాకా గీత మీద గుర్తు పెట్టాలి. నాలుగో గీత ఒక్కటీ తిరగేసి ఉంటుంది, బాగా చేశాననుకుంటే సున్నా వైపు, చెడగొట్టాననుకుంటే వంద వైపు. ఆ తర్వాత ఈ ఆరింటినీ జతలు జతలుగా చూపించి, నీ పనిని బరువెక్కించింది ఈ రెంటిలో ఏదని అడుగుతారు. ఆరింటికి జతలు పదిహేను. ఏది ఎన్నిసార్లు గెలిస్తే అది దాని తూకం.

లెక్కల మాస్టారి శిష్యులం కాబట్టి ఒక లెక్క చేద్దాం. ఒకతను బుర్రకు 80, ఒంటికి 10, కాలానికి 90, ఫలితానికి 60, కష్టానికి 70, చిరాకుకు 50 వేశాడనుకోండి. ఉత్త సగటు 60. ఫరవాలేదనిపిస్తుంది. కానీ జతల్లో కాలం 5 సార్లు, బుర్ర 4, కష్టం 3, ఫలితం 2, చిరాకు 1 గెలిచాయి, ఒంటి పని ఒక్కసారీ గెలవలేదు. తూకాలతో గుణించి కూడితే 1150, పదిహేనుతో భాగిస్తే దాదాపు 77. అరవై ఎక్కడ, డెబ్భై ఏడు ఎక్కడ? కుర్చీలో కూర్చుని చేసే పనే కదా అని మనం తేలిగ్గా తీసేసేది ఈ తేడానే. జతలతో పని లేకుండా ఉత్త సగటు తీసేవాళ్ళూ ఉన్నారు, చాలాచోట్ల అదీ పనికొస్తుంది. అంకె కంటే ముఖ్యం, ఏ గీత ఎత్తుగా ఉందన్నది. కాలం గీత ఎత్తుగా ఉంటే ఇంకో మనిషినివ్వాలి. బుర్ర గీత ఎత్తుగా ఉంటే ప్యానెల్ మార్చాలి. చిరాకు గీత ఎత్తుగా ఉంటే ఫోన్లు చేసేవాళ్ళను ఆపాలి.

ఇదంతా నాకెప్పుడు తెలిసింది? మన తమ్ముడిని బొగ్గు యార్డుకు పంపించిన అయిదారేళ్ళకు. నన్ను మరో రాష్ట్రంలోని శిక్షణ కేంద్రానికి పంపారు. అక్కడ సిమ్యులేటర్ ఉంది. అచ్చం కంట్రోల్ రూములాగే ఉంటుంది, వెనక బాయిలర్ బదులు కంప్యూటర్. మాకు నేర్పే ఆయన వయసులో నాకంటే చిన్న. ఒక సాయంత్రం టీ తాగుతూ ఆపరేటర్ల అజాగ్రత్తకు ఉదాహరణగా నేను ఆ పంపు కథ చెప్పాను. ఆయన విన్నాడు, ఏమీ అనలేదు.

నాలుగు రోజుల తర్వాత నా వంతు. పొగ ఫ్యాన్ ఆగిపోయినట్టు పెట్టాడు. నేను అనుభవజ్ఞుణ్ణి, చకచకా చేసుకుపోయాను. యూనిట్ నిలబెట్టాను. లేచి గర్వంగా చూశాను. ఆయన ఒక కాగితం ఇచ్చి, "సార్, వచ్చిన అలారాల్లో మీకు గుర్తున్నవి రాయండి" అన్నాడు. ఏడు రాశాను. ఆయన ప్రింటు తీసి ఇచ్చాడు. కాగితం బల్ల దాటి కిందికి వేలాడింది. అందులో ఒక వరుస కింద పెన్సిల్ గీత ఉంది. గాలి ఫ్యాన్ బేరింగ్ వేడి ఎక్కువ. పక్కనే నేను దాన్ని అంగీకరించిన సమయం. మూడు సెకన్లలో నొక్కాను. నాకు ఆ దీపం గుర్తే లేదు. చూడకుండానే చూశానని సంతకం పెట్టే బటన్ అది. ఆయన నన్నొక్క మాట అనలేదు. ఆరు గీతల కాగితం ముందు పెట్టి వెళ్ళిపోయాడు. నేను కాలం గీతను చివరి దాకా లాగాను. ఫలితం గీత దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ప్రింటు చూడకముందైతే నేను బ్రహ్మాండంగా చేశానని సున్నా దగ్గర పెట్టేవాణ్ణి.

ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. అక్కడ నేనొక్కణ్ణి కాదు, పక్కన ఇంకొకతను ఉన్నాడు. పగటి పూట. ఫోన్ ఒక్కటీ మోగలేదు. నాకు ప్రమాదమూ లేదు, పరీక్షా లేదు. అయినా తప్పాను.

తిరిగొచ్చాక పైవాళ్ళకు ఒక ఉత్తరం రాశాను, పాత నివేదికలోని వాక్యం తప్పని, దాన్ని మళ్ళీ చూడాలని. ఫైలు మూసేశామని జవాబు వచ్చింది. ఇంకోసారి రాశాను. ఈసారి జవాబే రాలేదు. అప్పుడు అతని క్వార్టరుకు వెళ్ళాను. అయిదేళ్ళుగా ఎదురుపడితే తలొంచుకుని పక్కకు తప్పుకునే మనిషి గుమ్మంలో నిలబడి, "రా అన్నా" అన్నాడు. వాళ్ళావిడ కాఫీ ఇచ్చింది. నేను జరిగిందంతా చెప్పాను, ఆ కాగితాలు కూడా చూపించాను. అతను చాలాసేపు ఆ ఆరు గీతల కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "అన్నా, మీ కమిటీ నన్ను ముప్పావుగంట అడిగింది. దీపం ఎందుకు చూడలేదని నాలుగుసార్లు అడిగారు. ఆ పావుగంటలో నీ మీద ఎంత పనుందిరా అని ఒక్కరూ అడగలేదు. అడిగుంటే శిక్ష వేసినా నాకింత బాధ ఉండేది కాదు."

నేను క్షమించమన్నాను. "నీ చేతిలో ఉన్నది చేశావు కదా" అన్నాడు. క్షమించానని అనలేదు. ఇంక్రిమెంట్లు తిరిగి రాలేదు. నా సర్వీసులో నేను రాసిన వాక్యాల్లో దేన్నైనా చెరిపేయగలిగితే దాన్నే చెరిపేస్తాను. చెరిపే వీలు లేదు కాబట్టి, తర్వాతి ఉద్యోగమంతా దానికి జవాబుగా గడిపాను.

చేసింది పెద్దదేం కాదు. శిక్షణ విభాగానికి మార్చమని అడిగి వెళ్ళాను. ప్రతి అభ్యాసం తర్వాత ఆరు గీతల కాగితం పెట్టాం, తెలుగులో. మొదట్లో అందరూ అన్నిటికీ మధ్యలో గుర్తు పెట్టి ఇచ్చేశారు. ఎందుకో తెలుసా? ఈ కాగితం పై అధికారికి వెళ్తుందని భయం. కష్టమైందంటే చేతకానివాడంటారు, సులువంటే ఇంకో పని అప్పజెబుతారు. అందుకని పేర్లు తీసేశాం, ఎవరి పనితీరు ఫైలులోనూ చేర్చబోమని చెప్పి ఆ మాట నిలబెట్టుకున్నాం. అప్పటి నుంచి గీతలు కదలడం మొదలెట్టాయి. కొలత కర్రగా మారిన రోజు కొలత చచ్చిపోతుంది.

రెండోది, అలారాలు తగ్గించడం. బ్రిటన్‌లో ఈఈఎంయూఏ 191 అనే మార్గదర్శక పత్రం ఒకటుంది. అంతా సవ్యంగా నడుస్తున్నప్పుడు ఆపరేటరుకు పది నిమిషాలకు ఒక అలారానికి మించకూడదని, పెద్ద ఒడిదుడుకు వచ్చినా మొదటి పది నిమిషాల్లో పదికి లోపుంటేనే మనిషి తట్టుకోగలడని అది చెబుతుంది. మా కిటికీలను ఒక్కొక్కటే తీసుకుని, "ఇది వెలిగితే ఆపరేటరు ఏం చేయాలి?" అని అడిగాం. చాలావాటికి జవాబు "ఏమీ లేదు" అని వచ్చింది. చేయడానికేమీ లేని దీపం అలారం ఎలా అవుతుంది? అలాంటివి తీసి పక్కన పెట్టాం. పంపు బేరింగ్ కిటికీని మాత్రం డెస్కుకు ఎదురుగా, ఎర్ర రంగుతో, దానికంటూ వేరే శబ్దంతో పెట్టాం. ఆ మార్పు చేసిన రోజు బొగ్గు యార్డు నుంచి మన తమ్ముడిని పిలిపించి మొదటిసారి అతని చేతనే పరీక్ష చేయించాం. ఆ తర్వాత రెండేళ్ళకు అతను మళ్ళీ డెస్కు మీదికి వచ్చాడు. అక్కడి నుంచే రిటైరయ్యాడు.

అయ్యా, నా కథ అయిపోయింది. గురువులకు, నా తోటివారికి రెండు మాటలు చెప్పి కూర్చుంటాను.

ఇక్కడ టీచర్లున్నారు. మీ మీద పడే పని నాకు తెలుసు, పాఠం ఒకటే కాదు, రిజిస్టర్లు, భోజనం లెక్కలు, ఎన్నికల డ్యూటీలు, ఫోన్లో ఫొటోలు పెట్టడాలు. మీ బరువు కూడా ఎవరో అడిగి తీరాలి. మీరు మాత్రం మీ పిల్లల్ని అడగడం ఆపకండి. ముప్ఫై అయిదు మార్కులు వచ్చినవాడు ఒంటి గీతతో తెచ్చుకున్నాడా, మూడు గీతలతో తెచ్చుకున్నాడా అన్నది తెలుసుకోండి. మార్జిన్‌లో గీతలు పెట్టించడానికి ఖర్చేమీ లేదు. తప్పు గీత పెట్టాడని మాత్రం తిట్టకండి. వాడు ఇంకెప్పుడూ నిజం పెట్టడు.

ఇక్కడ అధికారులైనవాళ్ళున్నారు, డాక్టర్లున్నారు, బస్సు డిపోల్లో, బ్యాంకుల్లో, కంప్యూటర్ కంపెనీల్లో నలుగురి మీద పెత్తనం చేసేవాళ్ళున్నారు. మీ కింద ఒకరు తప్పు చేసిన రోజున, ఎందుకు చేశావని అడిగే ముందు, ఆ సమయంలో నీ మీద ఏమేం ఉన్నాయని అడగండి. తర్వాత ఏ శిక్ష వేయాలో మీ ఇష్టం. మోసేవాడికే తెలుసు కావడి బరువు అని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. దానర్థం మనం చేతులు దులుపుకోవడం కాదు, మోసేవాణ్ణి అడగమని.

మన తమ్ముడు ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు, ఏ వరుసలోనో చెప్పను. నిన్న ఫోన్ చేసి, ప్రసంగంలో ఏమైనా మార్చమంటావా అని అడిగాను. "లెక్కల మాస్టారు గీతలు మాతోనూ పెట్టించారన్నా. నావి ఎప్పుడూ రెండేసి. అది చెప్పు" అన్నాడు. చెప్పాను.